ట్యాంకు మీద రెండు చప్పుళ్లు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం. ఇప్పటికీ అంతే. చీకటంటే భయం లేదు. శ్మశానం పక్కనుంచి ఒంటరిగా నడవమన్నా నడుస్తాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కింద రాసింది చదివి నన్ను దయ్యాల్ని నమ్మే బాపతు మనిషి కింద జమకట్టేస్తారేమోనని.

మా నాన్న చీరాలలో మగ్గం నేసేవాడు. నా చిన్నప్పుడు ఎవరూ కూర్చోని మగ్గం సందెవేళ టక్కుమంటే మా నాయనమ్మ దండం పెట్టుకునేది. నాన్న మాత్రం నన్ను దగ్గరికి తీసుకెళ్లి, ఎండకి ఆరిన చెక్క ఎక్కడ బిగుతు వదిలిందో వేలు పెట్టి చూపించేవాడు. అలా పెరిగినదాన్ని. ఏ శబ్దం విన్నా అది ఎక్కడినుంచి వస్తోందా అని వెతకడమే నాకు తెలుసు.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నాకు పెళ్లయింది. మా ఆయనది మంగళగిరి. వాళ్లదీ మగ్గాల ఇల్లే గానీ ఆయన చదువుకుని పశువుల ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. పర్చూరులో పని, కాపురమూ అక్కడే. నేను అప్పటికే ట్రైనింగయిన టీచర్ని. పర్చూరు నుంచి ఇంకొల్లు వెళ్లే దారిలో ఒక చిన్న ఊళ్లో నాకు ఎలిమెంటరీ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. అప్పటికింకా ప్రకాశం జిల్లా లేదు. మాదంతా గుంటూరు జిల్లాయే.

ఆ ఊరికి బస్సు లేదు. మా ఆయనకి పల్లెలు తిరిగే పని కాబట్టి ఒక మోటారు సైకిలు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన బళ్లలో అదొకటి. చేతులు మారి మారి ఆయన దగ్గరికొచ్చింది. పైన నల్లరంగు వేశారు గానీ గీరుకున్న చోటల్లా లోపలి మిలిటరీ రంగు కనపడేది. దాని మోత ఎంతదంటే, మేము ఊళ్లోకి రాకముందే స్కూల్లో పిల్లలు పలకలు పట్టుకుని నిలబడేవాళ్లు.

ఆడమనిషి మోటారు సైకిలెక్కి స్కూలుకి వెళ్లడం అప్పుడు పెద్ద వింత. పొగాకు చేలల్లో కూలివాళ్లు నడుములెత్తి చూసేవాళ్లు. మొదట్లో నేను తల వంచుకునేదాన్ని. నెల తిరిగేసరికి నేనే చెయ్యూపడం మొదలుపెట్టాను.

అదంతా నల్లరేగడి నేల. వానలకి బళ్ల చక్రాలు దిగబడి గాళ్లు పడేవి. ఎండలకి అవే రాయిలా బిగిసిపోయేవి. ఒకచోట గతుకు, ఒకచోట గుంట. వెనక పక్కకి తిరిగి కూర్చున్నదాన్ని, ముందు ఏమొస్తోందో నాకు కనపడదు. ఆ మోతలో చెప్పినా వినపడదు. అందుకని ఆయన ఒక గుర్తు పెట్టారు. గతుకు రాబోతుంటే ఎడమచేతి ఉంగరంతో పెట్రోలు ట్యాంకు మీద రెండుసార్లు కొట్టేవారు. టక్, టక్. అంటే గట్టిగా పట్టుకో అని. నేను ఆయన భుజం పట్టుకునేదాన్ని. ఆ గుర్తు మా ఇద్దరికే తెలుసు. ఎవరికైనా చెప్పాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. చెప్పుకునేంత పెద్ద విషయం కాదు కదా.

మాకు పిల్లలు కలగలేదు. పెళ్లయిన కొద్ది ఏళ్లకే ఆయనకి పచ్చకామెర్లు వచ్చాయి. నాటుమందు వేశాం, గుంటూరు తీసుకెళ్లాం. అందరూ చెయ్యగలిగింది చేశారు. దక్కలేదు. వాచిపోయిన వేలినుంచి ఉంగరం రాకపోతే అలాగే వదిలేశారు. నల్లగా మాడిన ఆ రాగి ఉంగరాన్ని అస్థికలతోపాటు వాడరేవు దగ్గర సముద్రంలో కలిపారు. కలిపింది మా తమ్ముడు శేషు. వాడి చేత్తో వాడే కలిపాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే అర్థమవుతుంది.

నాన్న నన్ను చీరాల వచ్చెయ్యమన్నాడు. ఉద్యోగం వదిలెయ్యమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ ఇల్లు, ఆ దారి, ఆ పిల్లలు తప్ప నాకంటూ ఏమీ మిగల్లేదు. చివరికి, శేషు వచ్చి నాకు తోడుగా ఉండేట్టు, వాడు నన్ను స్కూల్లో దింపేట్టు రాజీ కుదిరింది. వాడికి అప్పటికి ఇరవై దాటాయి. మగ్గం మీద కూర్చోవడం వాడికెప్పుడూ ఇష్టం లేదు. బావ బండంటే మాత్రం ప్రాణం. బావే వాడికి నడపడం నేర్పించారు.

వసారాలో గోనెపట్టాలు కప్పి ఉన్న బండిని వాడు బయటికి తీసి, రెండు రోజులు తుడిచి, తొక్కి తొక్కి స్టార్టు చేశాడు. ఆ మోత విని నేను వంటింట్లో గోడ పట్టుకుని నిలబడిపోయాను.

మొదటిరోజు పొద్దున బయల్దేరాం. ఊరు దాటాం. మిరపచేల మధ్యకి వచ్చాం. అన్ని నెలలు కదలని బండి కాబట్టి ఒళ్లంతా అదురుతోంది. ఫుట్‌రెస్టు వణుకుతోంది, వెనక మడ్‌గార్డు గలగలమంటోంది. అందులోంచి టక్, టక్ అని రెండు చప్పుళ్లు. వెంటనే గతుకు.

నా చెయ్యి దానంతటదే వెళ్లి శేషు భుజం పట్టుకుంది. అలవాటైన చెయ్యి.

నేనేమీ అనుకోలేదు. గతుకుల దారిలో ఏ చప్పుడైనా ఏదో ఒక గతుకు ముందే వస్తుంది. ఇంకాస్త దూరం పోయాక మళ్లీ వచ్చింది. మళ్లీ గతుకు. స్కూలు దగ్గర దిగగానే శేషే అన్నాడు, ట్యాంకు దగ్గర ఏదో కొట్టుకుంటోందక్కా, సాయంత్రం చూస్తాను అని. వాడికి మా గుర్తు సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు. చెబితే ఏడుస్తానేమోనని భయం.

అప్పట్నుంచి ఆ చప్పుడు కోసం వెతకడం మొదలైంది. పర్చూరులో మోటారు సైకిళ్లు బాగుచేసేవాళ్లు లేరు. రైసుమిల్లు ఆయిలింజన్లు చూసే మస్తాన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. మస్తాన్ నెమ్మదస్తుడు. మా ఆయన వాళ్ల గేదెకి ఒకసారి వైద్యం చేశారట, అందుకని మా పని ముందు చూసేవాడు.

ట్యాంకు బోల్టులు బిగించాడు. ట్యాంకు కింద రబ్బరు అరిగిపోయిందని సైకిలు ట్యూబు ముక్కలు కోసి పెట్టాడు. చైను బిగించాడు. ఫుట్‌రెస్టు బ్రాకెట్టుకి సన్నగా పగులుంటే అతుకు పెట్టించాడు. దాంతో కాళ్ల కింద అదురు పోయింది. టక్ టక్ పోలేదు.

అప్పుడు నేను మా నాన్న పద్ధతి మొదలుపెట్టాను. పాత చీరలు పీలికలు చేసి, అనుమానం వచ్చిన ప్రతి భాగానికీ ఒక్కొక్కటిగా చుట్టాను. ఒకరోజు పనిముట్ల డబ్బాకి చుడితే గలగల పోయింది. ఒకరోజు నంబరు ప్లేటుకి చుడితే కిర్రుమనే మోత పోయింది. సైలెన్సరు క్లిప్పు కింద రేకుముక్క దూర్చితే బుర్రుమనే అదురు పోయింది. శేషు నవ్వేవాడు, బండికి కట్లు కట్టినట్టుందక్కా, ఆసుపత్రికి తీసుకెళ్తున్నామనుకుంటారు జనం అని.

ఒక్కొక్క శబ్దమూ దొరికిపోతూ వచ్చింది. దొరికినకొద్దీ బండి మోత మెత్తబడింది. మెత్తబడినకొద్దీ ఆ రెండు చప్పుళ్లు ఇంకా స్పష్టంగా వినపడసాగాయి. పెట్రోలు నిండుగా ఉంటే బొంగురుగా, తక్కువగా ఉంటే ఖంగుమని. ట్యాంకు మీద కొడితే ఎలా వస్తుందో సరిగ్గా అలాగే. చెవికి వినపడేదో, సీటు గుండా ఒంటికి తెలిసేదో మాత్రం చెప్పలేను.

మస్తాన్ ట్యాంకు విప్పి, పెట్రోలంతా తీసి, లోపల ఏదైనా ముక్క ఊడి తిరుగుతోందేమోనని గులకరాళ్లు వేసి కడిగాడు. తుప్పు తప్ప ఏమీ రాలేదు. ఆయనే ఎక్కి అదే దారిలో స్కూలు దాకా వెళ్లి వచ్చాడు. ఏ చప్పుడూ లేదన్నాడు. శేషు ఒక్కడే వెళ్లాడు. వాడికీ వినపడలేదు. నేను వెనక కూర్చుంటేనే వస్తోంది.

అది బరువు వల్లేనమ్మా అన్నాడు మస్తాన్. వెనక బరువు పడితే ఎక్కడో ఒరుసుకుంటుంది, అంతే అన్నాడు. నాకూ అది సబబుగా తోచింది. నా బరువుకి సరిపోయేట్టు ఎండుమిరపకాయల బస్తా ఒకటి వెనక కట్టి శేషుని పంపించాం. వాడు తుమ్ముకుంటూ, కళ్లు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చాడు. ఒక్క చప్పుడూ రాలేదు. బస్తా దింపి నేనెక్కాను. ఊరు దాటీ దాటకముందే టక్, టక్.

మస్తాన్ గుంటూరులో పాత ట్యాంకు ఏదైనా దొరికితే మార్చి చూద్దామన్నాడు. నేను వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో నాకు తెలుసు. అప్పటికే ఉదయం లేవడం ఆ చప్పుడు కోసమైపోయింది. తలదువ్వుకుంటుంటే అదే ధ్యాస. ఆదివారాలు గడిచేవి కావు. ఆయన పోయాక, ఆ దారిలో వెళ్లే కాస్సేపు తప్ప మిగతా రోజంతా నాకు ఖాళీ గిన్నెలా ఉండేది. ఇది ఏదో వదులు బోల్టు పని అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. అది దొరక్కూడదని కూడా కోరుకుంటున్నాను.

వానాకాలం చివరికొచ్చింది. ఒకరోజు సాయంత్రం స్కూలునుంచి వస్తుంటే దారి మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. మోకాలి లోతు కూడా ఉండవు, పోదాం అన్నాడు శేషు. నీళ్లలోకి దిగబోతుంటే టక్, టక్ అని వినపడింది. ఎప్పటిలా ఆగలేదు, మళ్లీ మళ్లీ వచ్చింది. శేషు బ్రేకు వేసేశాడు. దిగి కర్ర పెట్టి చూశాడు. మధ్యలో కర్ర మొత్తం మునిగింది. పొద్దున్న మేము వెళ్లినప్పుడు ఆ గుంట లేదు. పొలం గట్టు తెగి దారి కోసుకుపోయింది. నీళ్ల కింద అది ఉందని వాడికి తెలియదు, నాకు అసలే తెలియదు. బండి తోసుకుంటూ చేల మీదుగా చుట్టూ తిరిగి వచ్చాం.

ఆ వారంలోనే నాన్న చీరాల నుంచి వచ్చాడు. బండిలో ఏదో తెలియని చప్పుడు వస్తోందని, పెట్రోలు ట్యాంకు దగ్గరేనని ఆయన చెవిన పడింది. ఎక్కడ మంట అంటుకుంటుందోనని ఆయన భయం. బండి అమ్మేసి ఇద్దరూ చీరాల వచ్చెయ్యండన్నాడు. మగ్గాల మధ్య పుట్టిన మనిషి, ఎక్కడినుంచి వస్తోందో తెలియని శబ్దాన్ని ఆయన నమ్మడు.

శేషు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"దాంతో ప్రమాదమేం లేదు నాన్నా. అది గతుకు ముందు కొడుతుంది. నేను అది విని బ్రేకు వేస్తున్నాను. చాలా రోజులబట్టీ అంతే."

నాన్నకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఎవరూ చెప్పకుండానే వాడు ఆ గుర్తు నేర్చుకున్నాడు. నేను పెరట్లోకి వెళ్లి, బావి దగ్గర కూర్చుని, ఆయన పోయినప్పటి కంటే ఎక్కువ ఏడ్చాను.

నాన్న మర్నాడు వెళ్లిపోయాడు, బండి సంగతి సంక్రాంతి లోపల తేల్చమని చెప్పి. ఆ సాయంత్రం శేషుకి అన్నం పెడుతూ అంతా చెప్పాను. ఉంగరం సంగతి, రెండు దెబ్బల సంగతి, నా చెయ్యి దానంతటదే వాడి భుజం పట్టుకున్న సంగతి. వాడు చెయ్యి కంచంలో పెట్టుకుని అలాగే విన్నాడు. ఆ తర్వాత ఒకే మాట అన్నాడు.

"ముందే చెప్పుంటే మస్తాన్ దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణే కాదక్కా."

మర్నాడు పొద్దున బయల్దేరాం. ఊరు దాటాం. మొదటి గతుకు వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చింది. నేను పడబోయి సీటు పట్టుకున్నాను. రెండో గతుకూ అంతే. స్కూలు చేరేదాకా ఒక్కసారి కూడా రాలేదు. సాయంత్రం రాలేదు. ఆ మర్నాడు రాలేదు.

వారం పది రోజులు ఓపిక పట్టాను. ఆ తర్వాత బండి మస్తాన్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను, నేనూ వెళ్లాను. ఆయన పలకరించి, ఇంకా పోలేదా అమ్మా ఆ చప్పుడు అన్నాడు. పోయిందన్నాను. సంతోషించబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. నువ్వు బిగించినవన్నీ మళ్లీ వదులు చెయ్యి మస్తాన్ అన్నాను. ట్యూబు ముక్కలు తీసెయ్యి, మునుపు ఎలా ఉందో అలాగే చేసిపెట్టు అన్నాను.

ఆయన శేషు వంక చూశాడు. శేషు నేలకేసి చూశాడు. మస్తాన్ ఇంకేమీ అడక్కుండా పానా తీసుకున్నాడు. ఎవరైనా మెకానిక్కు బాగున్న బండిని పాడుచెయ్యమంటే తిడతాడు. ఆయన మాత్రం ఒక్కొక్క బోల్టూ వదులు చేసి, చేత్తో కదిపి చూసి, ఇంతుంటే చాలా అమ్మా అని నన్ను అడుగుతూ చేశాడు. అతుకు పెట్టిన బ్రాకెట్టు మాత్రం వదిలేశాడు, కాలు జారితే ప్రమాదమని. చీర పీలికలు నేనే విప్పాను.

పాత శబ్దాలన్నీ తిరిగొచ్చాయి. మడ్‌గార్డు గలగల, నంబరు ప్లేటు కిర్రు, సైలెన్సరు బుర్రు, అన్నీ వచ్చాయి. అది రాలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆ దారిలో అటూ ఇటూ తిరిగాం. పత్తి తీసే రోజులు. చేలల్లో ఆడవాళ్లు ఒళ్లో పత్తి నింపుకుని, ఈ అక్కాతమ్ముళ్లకి ఏమైందా అన్నట్టు చూస్తున్నారు. ఇంకొక్కసారి స్కూలు అవతలి వాగు దాకా పోదాం అని నేను అంటుంటే శేషు బండి తిప్పుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చివరిసారి వాగు దగ్గరనుంచి తిరిగి వస్తుంటే ట్యాంకు మీద రెండు చప్పుళ్లు వినపడ్డాయి.

ప్రాణం లేచొచ్చింది. పక్కకి వంగి చూశాను. శేషు ఎడమచెయ్యి ట్యాంకు మీద ఉంది. పిడికిలి బిగించి, వేలి కణుపులతో కొట్టాడు. వాడూ వెనక్కి తిరగలేదు. గతుకు వచ్చింది. నేను వాడి భుజం గట్టిగానే పట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. బండి అమ్మేద్దామని ఆ తర్వాత నేనే అన్నాను.

చిలకలూరిపేట నుంచి ఒకాయన వచ్చి కొనుక్కున్నాడు. అమ్మేముందు మస్తాన్ అన్నీ మళ్లీ బిగించి ఇచ్చాడు. నేను చీరాల వెళ్లలేదు. స్కూలున్న ఊళ్లోనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. శేషు మస్తాన్ దగ్గర పనిలో చేరి, తర్వాత గుంటూరులో షెడ్డు పెట్టుకున్నాడు.

ఇంకొల్లు హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారొకరికి, పేర్లు చెప్పకుండా, ఈ సంగతి చెప్పాను ఒకసారి. గతుక్కి ముందు నేల కాస్త ఉబ్బి ఉంటుందని, ముందు చక్రం దాని మీదికి ఎక్కినప్పుడు ట్యాంకు కొట్టుకుని ఉంటుందని ఆయన చెప్పారు. అది నిజమే కావచ్చు. మరి మిరపకాయల బస్తా ఉన్నప్పుడు ఎందుకు కొట్టుకోలేదో ఆయన చెప్పలేకపోయారు. నీళ్ల కింద గుంట సంగతి నేనే ఆయనకి చెప్పలేదు. శేషు ఎన్నో వందల బళ్లు విప్పి ఉంటాడు. ఎప్పుడైనా అలాంటి చప్పుడు ఇంకో బండిలో విన్నావా అని అడిగితే లేదక్కా అంటాడు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అది ఆయనే అని నేను అనను, అనలేను. చెక్క ఆరి కొట్టుకున్నట్టు, ఆ ఇనుములోనే ఎక్కడో నాకు అందని కారణం ఉండే ఉంటుంది. బళ్ల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా అదేమిటో చెబితే కూర్చుని వింటాను. నాకు మళ్లీ వెతికే ఓపిక లేదు. ఇంకొక్కసారి వినాలని మాత్రం ఉంది.